పాచి తినే చేపపిల్లల ఆకలి: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. అక్వేరియంలో పాచి తినే చేపలు, ముఖ్యంగా వాటి పిల్లలు, వేసిన మేత ముట్టడం లేదనీ, కళ్ళ ముందే చిక్కి చనిపోతున్నాయనీ పాఠకులు బాధతో రాశారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఈ విషయానికే కేటాయిస్తున్నాము. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, పాఠకుల పేర్లు ఇవ్వకుండా, వారి ప్రాంతాలను మాత్రమే పేర్కొంటున్నాము.

ప్రశ్న: నమస్కారమండీ. మా అక్వేరియంలో బ్రిసల్‌నోస్ ప్లెకో (పాచి తినే చేపల్లో ఒక రకం) జంట, ట్యాంకులోని చిన్న గుహలో గుడ్లు పెట్టింది. పిల్లలు గుహలోంచి బయటికి రాగానే వాటిని శుభ్రంగా కడిగిన కొత్త ట్యాంకులోకి మార్చాను. మొదటి వారం అన్నీ చురుగ్గానే ఉన్నాయి. ఆ తరువాత రోజూ రెండు మూడు చనిపోతున్నాయి. ఉదయం ఒక ఆల్గీ వేఫర్ (పాచి కలిపి చేసిన మేత బిళ్ళ), సాయంత్రం ఉడికించిన కీర దోసకాయ ముక్క వేస్తున్నాను. మేత మిగిలిపోతూనే ఉంది, పిల్లల పొట్టలు మాత్రం లోపలికి పోతున్నాయి. అవి ఎందుకు తినడం లేదు?
(ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: మీ ఉత్తరంలో చనిపోవడం మొదలైన సమయమే అసలు కారణాన్ని చెబుతోంది. గుడ్డులోంచి వచ్చిన ప్లెకో పిల్ల పొట్ట కింద నారింజ రంగులో ఒక సంచి వేలాడుతూ ఉంటుంది. అది గుడ్డు సొన. ఆ సొన ఉన్నన్నాళ్ళూ, అంటే సుమారు వారం రోజుల పాటు, పిల్లకు బయటి మేతతో పని లేదు. సంచి కరిగిపోయిన రోజు నుంచి అది తన నోటితో తాను సంపాదించుకోవాలి. మీ పిల్లలు మొదటి వారం చురుగ్గా ఉండడానికి ఆ సొన కారణం, రెండో వారం రాలిపోవడానికి అది అయిపోయాక వాటికి అందుబాటులో ఏమీ లేకపోవడం కారణం.

మేత మిగిలిపోతోంది కదా, అందుబాటులో లేకపోవడమేమిటని మీరు అడగవచ్చు. పాచి తినే చేపలు పూటపూటకూ భోజనం చేసే జీవులు కావు. కొండవాలున మేసే మేకల్లాగా అవి మేలుకొని ఉన్నంతసేపూ ఏదో ఒక దాని మీద నోరు ఆనించి గీకుతూనే ఉంటాయి. పాచిలో పోషకాలు తక్కువ, పీచు ఎక్కువ కాబట్టి వాటి పేగు శరీరం పొడవుకు ఎన్నో రెట్లు ఉండి, గడియారం స్ప్రింగులా చుట్టుకొని ఉంటుంది. అంత పొడవైన పేగులో ఎప్పుడూ కొంత ఆహారం కదులుతూ ఉండాలి. పెద్ద చేప రెండు మూడు రోజులు పస్తు ఉన్నా తట్టుకుంటుంది గాని, సెంటీమీటరు పొడవున్న పిల్లలో నిల్వ ఉండే కొవ్వు చాలా స్వల్పం. పైగా ఆ వయసు పిల్ల తాను అంటుకొన్న చోటి నుంచి ఎక్కువ దూరం వెళ్ళదు. ట్యాంకులో ఒక మూల వేఫర్ పడి ఉంటే, మరో మూల అద్దానికి అంటుకొన్న పిల్లకు అది లేనట్టే లెక్క.

ఇక్కడే మీరు శుభ్రంగా కడిగిన కొత్త ట్యాంకు ఇబ్బంది తెచ్చిపెట్టింది. పాత ట్యాంకులో అద్దాల మీద, రాళ్ళ మీద, ఆకుల అడుగున, చెక్క మీద కంటికి సరిగ్గా కనిపించని జిగురు పొర ఒకటి పరుచుకొని ఉంటుంది. పాచి, బాక్టీరియా, సూక్ష్మజీవులు కలిసిన ఆ పొరే ప్లెకో పిల్లల తొలి ఆహారం. నోరు ఎక్కడ ఆనిస్తే అక్కడ తిండి దొరికే పాత చోటు నుంచి, ఎంత గీకినా అద్దమే తగిలే కొత్త చోటుకు అవి వచ్చాయి. కాబట్టి మిగిలిన పిల్లలను వెంటనే పాత ట్యాంకులోకి, అందులోనే ఒక వలపెట్టెలోకి మార్చండి. అక్కడ మిగతా చేపలు శాంత స్వభావం గలవైతే వలపెట్టె కూడా అవసరం లేదు. గుడ్లనూ పిల్లలనూ కాపలా కాసేది తండ్రి చేపే, తల్లిదండ్రులు పిల్లలను తినడం అరుదు. ఏ కారణం వల్లనైనా కొత్త ట్యాంకులోనే ఉంచవలసి వస్తే, పాత ట్యాంకులో నానిన చెక్కదుంగను, అక్కడ నడుస్తున్న స్పాంజి ఫిల్టరును తెచ్చి ఇందులో పెట్టండి. స్పాంజి మీద పేరుకొన్న పొరను పిల్లలు గంటల తరబడి గీకుతాయి. పిల్లలను లోపలికి లాగేసే పవర్ ఫిల్టరును మాత్రం వాడవద్దు.

ఆ తరువాత మేత విషయం. మీరు ఇస్తున్న కీర దోసకాయ పిల్లలకు ఇష్టమే గాని, అందులో నీరు తప్ప బలం దాదాపు లేదు. దానికి బదులుగా చెక్కు తీసిన బీరకాయ, జుకినీ, గుమ్మడి, చిలగడదుంప వాడండి. సన్నని చక్రాలుగా కోసి, ఉప్పు వేయని నీళ్ళలో, గోరుతో నొక్కితే దిగేంత మెత్తగా ఉడికించి, చల్లార్చి, స్టీలు చెంచాకు గుచ్చి అడుగుకు దించాలి. బీరకాయను ముందుగా మీరు కొంచెం రుచి చూడడం మరిచిపోకండి. చేదుగా ఉన్న కాయ మనకే కాదు, చేపకు కూడా విషతుల్యం. ముక్కను ఒకే చోట వేయకుండా మూడు నాలుగు చోట్ల, పిల్లలు గుంపులుగా అంటుకొని ఉన్న చోటికి దగ్గరగా పెట్టండి. వేఫర్‌ను పూర్తిగా కాకుండా పొడి చేసి, ఆ పొడిని కొద్ది నీటిలో తడిపి, చెక్క మీదా రాళ్ళ మీదా పడేలా డ్రాపరుతో వదలండి. పాచి తినే జాతి అయినంత మాత్రాన పిల్లలకు మాంసకృత్తులు అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఎదిగే వయసులో వాటికి పెద్దవాటికంటే ఎక్కువే కావాలి. మంచి వేఫర్ పొడిలో అవి ఉంటాయి కనుక రోజూ కూరగాయతో పాటు ఆ పొడినీ తప్పకుండా ఇవ్వండి. రక్తపురుగుల వంటి మాంసాహారం మాత్రం ఎప్పుడైనా ఒకసారి, అదీ చిటికెడంత చాలు. ఎక్కువైతే ఆ పొడవైన పేగులో అది కుళ్ళి పొట్ట ఉబ్బుతుంది.

రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా వేయాలి. వాటిలో ఒకటి దీపం ఆర్పిన తరువాత వేయాలి, ఎందుకంటే ఇవి చీకటిపడ్డాకే ఎక్కువగా తిరుగుతాయి. రాత్రి వేసిన కూరగాయ ముక్కను ఉదయం లేవగానే తీసేయండి. మేతను ఎప్పుడూ అందుబాటులో ఉంచడమూ, మేత కుళ్ళకుండా చూడడమూ ఒకదానికొకటి అడ్డు వచ్చే పనులు. ప్లెకో పిల్లల పెంపకంలో కష్టమంతా ఈ రెండింటినీ కలిపి సాధించడంలోనే ఉంది. మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియా సోకిన పిల్ల తినడం మానేస్తుంది, తినని మేత మరింత కుళ్ళుతుంది. కాబట్టి ఎయిర్ పంపు సన్నగొట్టంతో రోజూ అడుగున పేరుకొన్న చెత్తను లాగేసి, పదో వంతు నుంచి ఐదో వంతు దాకా నీరు మార్చండి. అమ్మోనియా పరీక్ష కిట్ దుకాణాల్లో దొరుకుతుంది. ఫలితం సున్నా తప్ప మరేది వచ్చినా మేత తగ్గించి నీరు మార్చాలి. కొళాయి నీటిని నేరుగా పోయకూడదు. ఒక రోజంతా బకెట్లో ఎయిర్ పంపు నడిపి ఉంచితే క్లోరిన్ పోతుంది. అంత సమయం లేకపోతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

పిల్ల తింటోందా లేదా అన్నది మేత మిగలడాన్ని బట్టి నిర్ణయించవద్దు. అది అద్దానికి అంటుకొన్నప్పుడు బయటి నుంచి భూతద్దంతో పొట్ట చూడండి. పొట్ట నిండుగా, కొంచెం ఆకుపచ్చగా గాని గోధుమ రంగులో గాని కనిపిస్తే, వెనుక దారంలా పొడవైన మలం వేలాడుతుంటే, అది బాగానే తింటోంది. పొట్ట గుంటపడి, కళ్ళు లోపలికి పోయి, మలం తెల్లని సన్నదారంలా ఉంటే ఆ పిల్లకు ఎక్కువ సమయం లేదని గ్రహించి, అదే రోజు దాన్ని పాచి పట్టిన రాయి మీదికి చేర్చాలి.

పాచి పట్టిన రాళ్ళు ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. నునుపైన ఏటి గులకరాళ్ళను బాగా కడిగి, అక్వేరియంలోంచి తీసిన పాత నీటిలో వేసి, బకెట్టును మేడ మీద ఎండ తగిలే చోట ఉంచితే వారం పది రోజుల్లో పచ్చని పొర పడుతుంది. ఒకదాన్ని ట్యాంకులో పెట్టి, పిల్లలు దాన్ని గీకేశాక మళ్ళీ బకెట్లోకి మార్చుతూ ఉండండి. బకెట్టు మీద పాత దోమతెర గట్టిగా కట్టండి. విశాఖలో మేడ మీద మూత లేని నీరు వారం నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెట్టి పెరగడానికి అది చాలు. సముద్రతీరంలో ఏరిన రాళ్ళు, గవ్వలు, ఆల్చిప్పలు ఇందుకు పనికిరావు. వాటిలో ఉప్పు ఉంటుంది, గవ్వల్లోని సున్నం నీటిని కఠినంగా మారుస్తుంది.

ప్రశ్న: అయ్యా, నెల క్రితం కొత్త అక్వేరియం పెట్టి, మొక్కల మీద పాచి రాకుండా ఉంటుందని దుకాణంలో చెబితే చిన్న ఒటోసింక్లస్ చేపలు నాలుగు తెచ్చాను. రెండు చనిపోయాయి. ఉన్న రెండూ వేఫర్ దగ్గరికే రావడం లేదు. ఏ మందు వేయాలి?
(ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: మందు ఏదీ వేయవద్దండీ. ముఖ్యంగా రాగి కలిసిన మందులు ఈ చేపలకు ప్రాణాంతకం. మీ చేపలకు వచ్చింది వ్యాధి కాదు, ఆకలి.

సాధారణంగా నాలుగు సెంటీమీటర్లు దాటని ఈ ఒటోలు దక్షిణ అమెరికా ఏటి ఒడ్డున గడ్డి కాడల మీద, నీట మునిగిన ఆకుల మీద గుంపులుగా మేస్తాయి. దుకాణాల్లోకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పుట్టి పెరిగినవి అడవి వాగుల్లోనే. పట్టుకొన్న రోజు నుంచి సంచుల్లో, విమానాల్లో, టోకు వ్యాపారుల తొట్లలో అవి తినకుండానే ప్రయాణిస్తాయి. మన ఇంటికి చేరేసరికే వాటి పొట్ట ఖాళీగా ఉంటుంది. అలా వచ్చిన చేపను ఇంకా పాచే పుట్టని నెల రోజుల అక్వేరియంలో వదిలితే అది ఎక్కువ కాలం బతకదు. వేఫర్ ఆహారమని వాటికి తెలియదు. ఎప్పుడూ చూడని గుండ్రని బిళ్ళను అవి రాయిగానే భావిస్తాయి.

అందువల్ల మేతను వాటికి తెలిసిన రూపంలో ఇవ్వాలి. స్పిరులినా (ఎండబెట్టిన ఒక రకం పాచి) పొడిని కొద్ది నీటితో పేస్టుగా కలిపి, నునుపైన రాయి మీద పల్చగా పూసి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, సాయంత్రం ట్యాంకులో ఒటోలు వాలే చోట పెట్టండి. రాయి మీద అతుక్కొని ఉన్న పచ్చని పొర కాబట్టి అవి దాన్ని గుర్తిస్తాయి. కొన్ని రోజులు అలా తిన్నాక అదే పేస్టులో వేఫర్ పొడి కలుపుతూ వస్తే క్రమంగా దానికీ అలవాటు పడతాయి. పైన చెప్పిన ఎండలో పాచి పట్టించిన రాళ్ళు వీటికి ఇంకా మేలు. ట్యాంకు వెనుక అద్దాన్నీ పక్క అద్దాలనూ తుడవడం మానేయండి, ముందు అద్దం ఒక్కటే శుభ్రంగా ఉంటే మనకు చూడడానికి చాలు.

మళ్ళీ కొనాలనుకొంటే కొన్ని నెలలు ఆగండి. కొనేటప్పుడు ఆరింటికి తక్కువ కాకుండా తీసుకోండి, గుంపు లేకపోతే ఇవి బెదిరి దాక్కొని తినడం మానేస్తాయి. సరుకు వచ్చిన రోజునే తేవద్దు. దుకాణంలో రెండు వారాలు బతికి, అద్దానికి అంటుకొన్నప్పుడు పొట్ట గుండ్రంగా కనిపించే చేపలనే ఎంచుకోండి. పొట్ట గుంటపడిన చేపను జాలిపడి కొనవద్దని నా గట్టి సలహా. దాన్ని కాపాడగలగడం అనుభవజ్ఞులకు కూడా కష్టం.

ప్రశ్న: మా పిల్లలు ముచ్చటపడితే గోల్డ్‌ఫిష్‌తో పాటు రెండంగుళాల సక్కర్ ఫిష్ ఒకటి తెచ్చాము. ట్యాంకు శుభ్రం చేస్తుంది, దానికి వేరే మేత వేయనక్కర్లేదని చెప్పారు. ఇప్పుడు రాత్రిళ్ళు అది గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కొంటోంది. గోల్డ్‌ఫిష్ పక్కల పొలుసులు ఊడిపోయాయి.
(ఒక పాఠకురాలు, మధురవాడ)

జవాబు: మీకు అందిన సలహా తప్పు. ఏ చేపా మరో చేప మలం తిని బతకదు. చిన్న ట్యాంకులో పుట్టే పాచి ఎదిగే సక్కర్‌కు కొద్ది రోజులకు కూడా సరిపోదు. అది అయిపోయాక ఆకలికి తాళలేక, మెల్లగా కదిలే గోల్డ్‌ఫిష్ ఒంటి మీది జిగురును గీకడం మొదలుపెడుతుంది. ఒకసారి ఆ రుచి మరిగితే కడుపు నిండా మేత ఉన్నా మానదు. రెండింటినీ ఈ రోజే విడదీయండి. నీరు శుభ్రంగా ఉంటే, పొలుసులు ఊడిన గోల్డ్‌ఫిష్ తనంతట తానే కోలుకొంటుంది.

విడదీసిన సక్కర్ పిల్ల కూడా ప్లెకో కుటుంబానిదే కాబట్టి దానికి మొదటి జవాబులో చెప్పిన మేతే సరిపోతుంది. అయితే అది రెండంగుళాల దగ్గర ఆగదు. మన దగ్గర సక్కర్ పేరుతో అమ్మే చేప పెరిగితే 40 సెంటీమీటర్లు దాటుతుంది. రెండు మూడు అడుగుల గాజు ట్యాంకు దానికి ఏ విధంగానూ చాలదు. పెంచలేమనిపిస్తే దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద ట్యాంకు ఉన్నవారికి అప్పగించండి. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాల్లో గాని, ఇంటి దగ్గరి ఏ గెడ్డలో గాని దయచేసి వదలకండి. ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో, కృష్ణా నదిలో ఇప్పటికే ఈ చేప వ్యాపించి, గట్లలో బొరియలు తవ్వి, గరుకైన ముళ్ళతో జాలరుల వలలు చింపుతోంది. వలలో పడితే తినడానికీ అమ్మడానికీ పనికిరాని ఈ చేపను జాలరులు దెయ్యం చేప అంటున్నారు. అక్వేరియంలో ఆకలితో అలమటించే చేపను చెరువులో వదలడం జాలి అనిపించవచ్చు గాని, ఆ చెరువు మీద బతికే మనుషులకూ మన నాటు చేపలకూ అది తీరని నష్టం.

ప్రశ్న: రైతుబజారు ఆకుకూరలు చేపలకు వేయవచ్చా? మందులు కొట్టి ఉంటాయేమోనని భయం. ఇంట్లో తయారు చేసుకోగల మేత ఏదైనా చెప్పగలరు.
(ఒక పాఠకుడు, సీతమ్మధార)

జవాబు: వేయవచ్చు. ఆకులను ధారగా పడే నీటిలో కడిగి, అరగంట నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ కడిగి, నిమిషం రెండు నిమిషాలు మరిగే నీటిలో ఉంచి, ఆ నీరు పారబోయండి. పురుగుమందు పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేము గాని చాలావరకు తగ్గుతుంది. కుండీలో పెంచుకొన్న తోటకూర ఉంటే అంతకంటే మంచిది లేదు.

ఇంటి మేతకు చైనా గ్రాస్ (సముద్రపు పాచి నుంచి తీసే అగర్) పొడి తీసుకోండి. కప్పు నీటికి ఒక టీస్పూను పొడి కలిపి రెండు నిమిషాలు మరిగించి దించండి. ఉడికించి మెత్తగా రుబ్బిన తోటకూర, పొట్టు తీసిన బఠాణీలు, గుమ్మడి ముక్క కలిపిన ముద్దను అందులో వేసి, కొంచెం చల్లారాక చివరగా ఒక్కో చెంచా స్పిరులినా పొడి, వేఫర్ పొడి కలపండి. ఉప్పు, నూనె, పసుపు ఏవీ తగలకూడదు. పళ్ళెంలో పల్చగా పోస్తే గట్టిపడుతుంది. కొందరు జెలటిన్‌తో చేస్తారు, కానీ అది మన విశాఖ వేసవిలో 30 డిగ్రీలు దాటిన నీటిలో మెత్తబడి కరిగి నీరంతా పాడుచేస్తుంది. చైనా గ్రాస్ ఆ వేడికి చెక్కుచెదరదు. పిల్లలు గీకడానికి వీలుగా గోరంత ముక్కలు కోసి, చిన్న గులకరాళ్ళ మీద పేరనిచ్చినా బాగుంటుంది. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిల్వ ఉంటుంది. ఫ్రీజరులో పెడితే గడ్డ నీరు వదిలి స్పాంజిలా అవుతుంది కాబట్టి కొద్ది మోతాదులోనే చేసుకోండి.

ప్రశ్న: మే నెల వచ్చిందంటే మా ప్లెకో పిల్లలు తినడం తగ్గించి, పైకి వచ్చి గాలి మింగుతున్నాయి. ట్యాంకు మీద ఫ్యాను పెట్టినా ఫలితం లేదు.
(ఒక పాఠకుడు, పెందుర్తి)

జవాబు: నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు అవసరం మాత్రం పెరుగుతుంది. ఊపిరికే ఇబ్బంది పడుతున్న పిల్ల మేత మీద దృష్టి పెట్టదు. ఫ్యాను గాలికి నీరు ఆవిరై చల్లబడాలి గాని, మన తీరప్రాంతపు ఉక్కలో ఆవిరి కావడమే తక్కువ కనుక ప్రయోజనం అంతంత మాత్రమే. ఎయిర్ పంపు ఒకటి అదనంగా పెట్టి రాత్రంతా నడపండి, ట్యాంకును పడమటి కిటికీకి దూరంగా జరపండి, దీపం వేసే సమయం తగ్గించండి. ఆవిరైన మేరకు కలిపే నీరు ఆర్‌వో నీరైతే ఉప్పులు పేరుకోవు. అయితే ట్యాంకంతా ఆర్‌వో నీటితోనే నింపకూడదు. ఈ వేసవి రోజుల్లో కూరగాయ ముక్కలు నాలుగైదు గంటల్లోనే పులుస్తాయి కాబట్టి రాత్రంతా ఉంచకుండా పడుకునే ముందే తీసేయాలి. రాత్రి మేతగా పాచి పట్టిన రాయినే ఉంచితే అది కుళ్ళదు.

గాలివానలకు, తుపాన్లకు కరెంటు గంటల తరబడి పోయే మన ఊళ్ళో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇంట్లో ఉండడం అవసరం. కరెంటు లేనంతసేపూ మేత వేయవద్దు. ఫిల్టరు చాలాసేపు ఆగిపోయి ఉంటే, కరెంటు రాగానే దాన్ని అలాగే నడపకుండా, స్పాంజిని బయటికి తీసి, అక్వేరియం నుంచి వేరే పాత్రలోకి తీసిన నీటిలో పిండి కడిగి, ఆ తరువాతే తిరిగి పెట్టండి.